నోటితో ఏమీ తీసుకోని నాన్నకు పళ్లు తోమాలా?

వానకోయిల
మంగళవారం, రాత్రి 11:40

నాన్నకు 79 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఈరోజుకి పదకొండు రోజులు. కుడి చెయ్యి, కుడి కాలు కదలట్లేదు. మింగడం ఇంకా రావట్లేదని ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేశారు. ఆహారం, మందులు అన్నీ దాన్లోంచే. ఐసీయూ నుంచి వార్డుకి మార్చి నాలుగు రోజులైంది.

సాయంత్రం మొహం తుడుస్తుంటే నోరు కొంచెం తెరిచారు. లోపల చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నాలుక ఎండిపోయి బీటలు వారింది. అంగిలికి గోధుమరంగు పొర ఒకటి ఎండి అట్టలా అతుక్కుని ఉంది. వాసన సంగతి చెప్పలేను. పొద్దున్న లేచి పళ్లు తోముకోకుండా ఎవరితోనూ మాట్లాడని మనిషి ఆయన. పదకొండు రోజులుగా ఆ నోట్లో ఎవరూ బ్రష్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. బీపీ ఎంత, షుగర్ ఎంత, యూరిన్ ఎంత వచ్చింది అని రోజూ పుస్తకంలో రాసుకున్నాను. నోరు మాత్రం గుర్తే రాలేదు.

డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని అడిగితే "నోటితో ఏమీ తినట్లేదు కదా, మురికి ఎందుకవుతుంది" అన్నారు. ఇంకొకరు తడి గుడ్డతో తుడవమన్నారు. పక్క బెడ్ వాళ్లు అసలు ముట్టుకోవద్దు, నీళ్లు లోపలికి పోతే ప్రమాదం అంటున్నారు. ఎవరి మాట వినాలి? రెండు రోజులుగా ఆయన ఏదో చెప్పాలని ప్రయత్నిస్తున్నారు, ఒక్క ముక్క అర్థం కావట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రిడ్యూటీ
బుధవారం, తెల్లవారుజామున 4:15

వానకోయిల గారూ, ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. నేను పద్నాలుగేళ్లుగా నర్సుని, అందులో ఎక్కువ కాలం ఐసీయూలోనే. నోటి సంగతి వెనక్కి పోవడం పని చేసిన ప్రతి చోటా చూశాను. మందు టైముకి ఇవ్వకపోతే చార్టులో ఖాళీ కనిపిస్తుంది. నోరు శుభ్రం చేయకపోతే ఎక్కడా ఏ ఖాళీ కనిపించదు.

"తినట్లేదు కదా" అనే మాట తప్పు. తినని నోరే తొందరగా పాడవుతుంది. మనం నమిలినప్పుడు, మాట్లాడినప్పుడు, మింగినప్పుడు నాలుక, బుగ్గలు, లాలాజలం కలిసి నోటిని రోజంతా కడుగుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకి అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు దాకా లాలాజలం ఊరుతుంది. మీ నాన్నగారికి నమలడం లేదు, మింగడం లేదు, మాట లేదు. బహుశా నోరు తెరిచే నిద్రపోతున్నారు. పైగా బీపీకి, నిద్రకి, నొప్పికి, యూరిన్ రావడానికి ఇచ్చే మందుల్లో చాలావాటికి నోరు ఎండగట్టే గుణం ఉంది. ఆక్సిజన్ పెడితే ఇంకా ఎండుతుంది. మీరు చూసిన ఆ అట్ట, ఎండిన కఫం, రాలిన చర్మం, పాచి అన్నీ కలిసి గట్టిపడింది.

దీంట్లో నాకున్న భయం వాసన గురించి కాదు, నిమ్ము (న్యుమోనియా) గురించి. బాగా జబ్బుపడి ఆస్పత్రిలో చేరినవాళ్లకు కొన్ని రోజుల్లోనే నోట్లో ఉండే క్రిముల రకం మారిపోతుంది. మామూలుగా అక్కడ ఉండని మొండి రకాలు పాచిలో చేరతాయి. పక్షవాతం వచ్చినవాళ్లకు తమ ఉమ్మి తామే సరిగ్గా మింగలేక కొంచెం కొంచెంగా శ్వాసగొట్టంలోకి జారుతూ ఉంటుంది. కొందరికైతే పొలమారదు, దగ్గు కూడా రాదు, కాబట్టి పక్కనున్నవాళ్లకు తెలియదు. రైల్స్ ట్యూబ్ ఉంది కదా అని ఉమ్మి జారడం ఆగదు. జారేదాంట్లో ఎన్ని క్రిములున్నాయన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

కాబట్టి తోమాలి. ఎలా తోమాలో డ్యూటీ అయ్యాక వివరంగా రాస్తాను. ఈలోపు మీరే ఆ అట్టని గోకి తీయకండి, కింద చర్మం లేచి రక్తం వస్తుంది.

పాతగడియారం
బుధవారం, ఉదయం 8:05

క్షమించాలి, నేను ఒప్పుకోను. మా అమ్మకి ఇలాగే ఉన్నప్పుడు మేము పెట్టుకున్న అటెండర్ ఆమెను పడుకోబెట్టి, గ్లాసుతో నీళ్లు పోసి నోరు కడిగింది. పొలమారి మొహం నీలంగా అయిపోయింది. మర్నాటికి జ్వరం, ఆ తర్వాత మళ్లీ ఐసీయూ. ఆ రోజు నేను గదిలోనే ఉన్నాను, ఆపలేదు. ఇప్పటికీ ఆ దృశ్యం కళ్లముందే ఉంది. చేతకాకుండా చేయడం కంటే వదిలేయడం మేలని నా అభిప్రాయం.

రాత్రిడ్యూటీ
బుధవారం, మధ్యాహ్నం 1:30

పాతగడియారం గారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఆగాను. మీ భయం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. మీ అమ్మగారికి జరిగింది జరగకూడనిది. కానీ అక్కడ జరిగిన తప్పులు రెండు. వెల్లకిలా పడుకోబెట్టారు, నీళ్లు పోశారు. మింగలేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, పుక్కిలించమనకూడదు. నోరు శుభ్రం చేయడానికి నీళ్లు పోయనక్కర్లేదు, తడి బ్రష్ చాలు.

వానకోయిల గారూ, నేను ఎలా చేస్తానో చెప్తాను. మీరు మొదటిసారి ఒంటరిగా చేయొద్దు. మీ సిస్టర్‌ని పక్కన నిలబెట్టుకుని చేయండి. "సక్షన్ (నోట్లో తడిని పీల్చి తీసే గొట్టం) దగ్గర పెట్టి ఒకసారి చూపించండి" అని అడగండి, ఆ ఒక్క మాటతో మీకు విషయం తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

ట్యూబ్‌లో ఆహారం పోసిన వెంటనే వద్దు, వాంతి వచ్చే ప్రమాదం ఉంది. పోసే ముందు చేయండి, లేదా కనీసం గంట ఆగండి. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపాలి. అలా కూర్చోబెట్టలేకపోతే పక్కకి తిప్పి, గడ్డం కొంచెం కిందికి వచ్చేలా పెట్టాలి. అప్పుడు తడి బుగ్గలోకి దిగి బయటికి వస్తుంది కానీ గొంతులోకి పోదు. గడ్డం కింద ఒక టవల్. ఏం చేయబోతున్నారో ఆయనకు చెప్పండి. కళ్లు మూసుకుని ఉన్నా చెప్పండి.

బ్రష్ చిన్న తలది, బాగా మెత్తనిది కావాలి. పిల్లల బ్రష్ అయినా సరే. నీళ్లలో ముంచి గట్టిగా విదిలించండి, చుక్క కారకూడదు. పేస్ట్ నురగ రాని రకం దొరికితే మంచిది, అదీ బ్రష్ మీద పూత పూసినంతే. నురగ వస్తే మింగలేనివాళ్లకు అది కూడా ఒక ఇబ్బందే. చిగురూ పన్నూ కలిసే చోట నెమ్మదిగా, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోమండి. బయటివైపు అయ్యాక లోపలివైపు. నోరు తెరవకపోతే బుగ్గ పక్క నుంచి బయటివైపు పళ్లు తోమినా ఆ పూటకి చాలు. ఆ తర్వాత నాలుక, కానీ మరీ వెనక్కి పోవద్దు, వాంతి వస్తుంది. చేరిన తడిని ఎప్పటికప్పుడు సక్షన్‌తో తీయాలి. సక్షన్ లేనిచోట పిండిన గాజ్ గుడ్డతో తుడవాలి. వేలు పళ్ల మధ్య పెట్టొద్దు. కావాలని కరవరు, కానీ నోట్లో ఏదైనా తగిలితే దవడ దానంతటదే బిగుసుకుంటుంది.

మీ నాన్నగారికి కుడివైపు పడిపోయింది కాబట్టి కుడి బుగ్గలో తప్పకుండా చూడండి. అటువైపు స్పర్శ కూడా తక్కువగా ఉండొచ్చు, అక్కడ ఏది నిలిచిపోయినా ఆయనకు తెలియదు. పొడి చేసిన మాత్ర రెండు రోజులుగా బుగ్గలో ఉండి పుండు పడిన మనిషిని చూశాను.

బ్రష్ రోజుకి రెండుసార్లు. ఆ మధ్యలో రెండు మూడు గంటలకోసారి నోరు తడి చేయడం, పెదవులకి నీటి ఆధారిత జెల్ రాయడం. ఆక్సిజన్ పెట్టినవాళ్లకి వాజ్‌లైన్ లాంటివి వద్దని మా వార్డులో చెప్తాం.

మధ్యలో దగ్గు ఆగకుండా వచ్చినా, గొంతులో గరగర మొదలైనా, పెదవుల రంగు మారినా ఆపేసి సిస్టర్‌ని పిలవండి.

చిగురాకు
బుధవారం, సాయంత్రం 6:20

నేను దంతవైద్యురాలిని. రాత్రిడ్యూటీ గారు రాసినదాంట్లో మార్చాల్సింది ఏమీ లేదు. ఆ అట్ట గురించి మాత్రం కొంచెం చెప్తాను.

దాన్ని ఒక్క పూటలో తీసేయాలని పట్టుదల పెట్టుకోకండి. ముందు నానాలి. నోటికి వాడే తేమ జెల్ పలచగా రాసి కొద్ది నిమిషాలు ఆగి, మెత్తబడినంత వరకే తడి బ్రష్‌తో లాగి తీయండి. మిగతాది తర్వాతి పూట. రెండు మూడు రోజులు పట్టినా పరవాలేదు. ఊడిన ముక్క వెనక్కి జారకుండా చూడటం ముఖ్యం, అందుకే మొదటి రెండుసార్లు సక్షన్ ఉండాలంటున్నాం. జెల్ కూడా మందంగా పూసి వదిలేయకూడదు, అదే ఎండి ఇంకో పొర అవుతుంది. కొత్తది రాసే ముందు పాతది తుడవాలి.

పుల్లకి చిన్న స్పాంజి తగిలించిన స్వాబ్‌లు ఆస్పత్రుల్లో ఇస్తుంటారు. నోరు తడి చేయడానికి పనికొస్తాయి కానీ పాచిని తీయలేవు. పాచి జిగురుగా అంటుకుని ఉంటుంది, దాన్ని బ్రష్ కుచ్చే తీయాలి. పైగా ఆ స్పాంజి ఊడి గొంతులో పడే ప్రమాదం ఉందని బ్రిటన్‌లో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరిక కూడా ఇచ్చింది. వాడేముందు లాగి చూడండి, నీళ్లలో నానబెట్టి ఉంచకండి, కరిచే మనిషికి అసలు వాడకండి. నిమ్మ, గ్లిజరిన్ కలిపిన స్వాబ్‌లు పాత పద్ధతి, వాటి ఆమ్లానికి పళ్లు అరుగుతాయి, నోరు ఇంకా ఎండుతుంది.

తెల్లటి మచ్చలు పెరుగు తరకల్లా ఉండి, తుడిస్తే వచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ తీసుకునేవాళ్లకి, కట్టుడు పళ్లు ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది. పెదవుల మూలలు పగలడం కూడా ఒక్కోసారి దాని గుర్తే. ఇది తోమితే పోయేది కాదు, మందు కావాలి. ఆ మందు మాత్రం సొంతంగా కొనకండి. ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకోనజోల్ మాత్ర, మైకోనజోల్ జెల్, రెండూ వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మందుతో కలిస్తే ప్రమాదకరంగా రక్తస్రావం కావచ్చు. నోట్లో పూసే జెల్లే కదా అని తేలిగ్గా తీసుకుంటారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

వానకోయిల
బుధవారం, రాత్రి 9:50

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. సిస్టర్‌ని అడిగాను. ముందు కొంచెం విసుక్కున్నారు, తర్వాత సక్షన్ తెచ్చి తనే చూపించారు. ఒక్కరే పద్దెనిమిది బెడ్లు చూస్తున్నారట, ఆవిడ మీద నాకు కోపం పోయింది. ఈరోజు బయటివైపు పళ్లు మాత్రమే అయ్యాయి. నాన్న రెండుసార్లు నా చెయ్యి తోసేశారు.

ఇంకొక ప్రశ్న. వార్డులో ఒక బాటిల్ ఇచ్చారు, క్లోర్‌హెక్సిడిన్ అని ఉంది. ఇది పూస్తే బ్రష్ అక్కర్లేదన్నారు. నిజమేనా?

ఉదయంరౌండ్స్
గురువారం, ఉదయం 6:30

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. ఈ ప్రశ్నకి నేను చెప్తాను, దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పాలి.

క్లోర్‌హెక్సిడిన్ అనేది క్రిములను చంపే ద్రావణం, చాలా ఏళ్లు వెంటిలేటర్ రోగులకి అలవాటుగా వాడారు. తర్వాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే అది నిమ్మును ఆపుతుందన్న నమ్మకం బలహీనపడింది, మరణాలు పెరుగుతున్నాయేమో అన్న అనుమానం కూడా వచ్చింది. 2022లో అమెరికా ఇన్ఫెక్షన్ నివారణ సంఘాలు ఇచ్చిన సూచనల్లో వెంటిలేటర్ రోగులకి రోజూ బ్రష్‌తో నోరు శుభ్రం చేయాలి, క్లోర్‌హెక్సిడిన్ మాత్రం వద్దు అని రాశారు. చిగుళ్ల జబ్బుకి డెంటిస్ట్ కొద్దిరోజులకి రాసివ్వడం వేరే సంగతి. బ్రష్‌కి బదులుగా ఏ ద్రావణమూ పనిచేయదు. మీ డాక్టర్ ఏ కారణంతో రాశారో అడగండి, బ్రష్ మాత్రం ఆపకండి.

బ్రష్ సంగతికొస్తే, జపాన్‌లో 11 నర్సింగ్ హోముల్లో వృద్ధులను రెండు గుంపులు చేసి రెండేళ్లు చూశారు. ఒక గుంపుకి ప్రతి భోజనం తర్వాత సిబ్బందే పళ్లు తోమారు. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. మామూలుగా వదిలేసిన గుంపులో 19 శాతం మందికి నిమ్ము వస్తే, తోమిన గుంపులో 11 శాతం మందికి వచ్చింది. 2023 చివర్లో ఆస్పత్రి రోగుల మీద జరిగిన 15 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష ఇంకొకటి వచ్చింది. పళ్లు తోమినవాళ్లలో ఆస్పత్రిలో వచ్చే నిమ్ము దాదాపు మూడోవంతు తగ్గింది, ఐసీయూ మరణాలు కూడా తగ్గాయి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో ఈ లాభం బాగా కనిపించింది. వెంటిలేటర్ లేనివాళ్ల మీద ప్రయోగాలు తక్కువే. రోజుకి రెండుసార్లు తోమినా, మూడు అంతకంటే ఎక్కువసార్లు తోమినా ఫలితంలో పెద్ద తేడా లేదు. రెండుసార్లు అంటే ఏ ఇంటివాళ్లయినా చేయగలరు.

ఇక నేను చెప్పాలనుకున్న ఇంకో మాట. డాక్టర్‌గా మొదటి తొమ్మిదేళ్లు రౌండ్స్‌లో నేను ఏ పెద్దవాళ్ల నోరూ తెరిపించి చూడలేదు. స్టెతస్కోపు పెట్టేవాడిని, కాళ్ల వాపు చూసేవాడిని, రిపోర్టులు చూసేవాడిని. ఒక పెద్దావిడ తినడం మానేశారు. డిప్రెషన్ అనుకుని మందు రాశాను. వారం తర్వాత ఒక నర్సింగ్ విద్యార్థిని వచ్చి "సార్, ఆవిడ నోరు ఒకసారి చూస్తారా" అంది. నాలుక నుంచి గొంతు దాకా తెల్ల ఫంగస్. మింగితే నిప్పులా ఉండి ఉంటుంది. ఆవిడ చెప్పలేకపోయింది, నేను అడగలేదు. ఫంగస్ మందు మొదలుపెట్టాక కొద్దిరోజుల్లోనే తినడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి నా జేబులో టార్చి ఉంటుంది. వానకోయిల గారూ, రేపు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌తో "ఒకసారి నోరు చూడండి" అని మీరే అనండి. ఎవరూ తప్పుగా అనుకోరు, అనుకున్నా పరవాలేదు.

మూడోమెట్టు
గురువారం, ఉదయం 10:10

కట్టుడు పళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి మా అత్తయ్య సంగతి చెప్తాను.

ఆవిడ తుంటి ఎముక ఆపరేషన్‌కి వెళ్లేముందు పళ్ల సెట్ తీసి టిష్యూలో చుట్టి దిండు పక్కన పెట్టారు. దుప్పట్లు మార్చినప్పుడు అది వాటితోపాటు వెళ్లిపోయింది. మళ్లీ దొరకలేదు. కొత్తది చేయించడానికి నెలలు పట్టింది, ఎందుకంటే అప్పటికి బరువు తగ్గి, చిగురు అరిగి, కొలతలు కుదరలేదు. ఆ నెలలన్నీ మెత్తటి ఆహారమే. అంతకంటే ఆవిడని బాధపెట్టింది చూడటానికి వచ్చినవాళ్ల ముందు నోరు విప్పలేకపోవడం. కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు. మనవడితో ఫోన్లో కూడా మాట్లాడటం మానేశారు.

కాబట్టి ఆస్పత్రిలో చేరిన మొదటి గంటలోనే మూతున్న డబ్బా ఒకటి తీసుకుని పేషెంట్ పేరు రాసి, పళ్ల సెట్ ఉందని ఫైల్లో కూడా రాయించండి. టిష్యూలో చుట్టొద్దు, భోజనం ట్రేలో పెట్టొద్దు.

చిగురాకు
గురువారం, మధ్యాహ్నం 2:45

మూడోమెట్టు గారూ, చాలా మంచి విషయం గుర్తుచేశారు. రాత్రి సెట్ తప్పనిసరిగా తీసేయాలి. జపాన్‌లోనే 85 ఏళ్లు దాటిన 524 మందిని గమనించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, రాత్రి సెట్ పెట్టుకునే పడుకునేవాళ్లకు నిమ్ము వచ్చే అవకాశం రెండింతల కంటే ఎక్కువగా కనిపించింది. సెట్ మీద కూడా పళ్ల మీద పేరుకున్నట్టే పాచి పేరుకుంటుంది, కంటికి మాత్రం శుభ్రంగానే ఉంటుంది.

సబ్బు నీళ్లతో, వేరే బ్రష్‌తో తోమండి. టూత్‌పేస్ట్ వద్దు, గీతలు పడతాయి, ఆ గీతల్లో క్రిములు చేరతాయి. వేడి నీళ్లు వద్దు, వంకర పోతుంది. కడిగేటప్పుడు కింద నీళ్లున్న గిన్నె పెట్టుకోండి, చేయి జారినా విరగదు. రాత్రి శుభ్రమైన నీళ్లలో ఉంచాలి. సెట్ తీశాక చిగుళ్లు, అంగిలి, నాలుక మెత్తటి బ్రష్‌తో తోమాలి. పళ్లు లేవు కదా అని ఆ నోటిని వదిలేస్తుంటారు. మగతగా ఉన్నవాళ్లకు పగలు కూడా సెట్ పెట్టొద్దు.

ఇంకొకటి, ఊగుతున్న పన్ను ఏదైనా ఉంటే ముందే డాక్టర్లకు చెప్పండి. ఎముకల బలానికి ఇంజెక్షన్లు, మాత్రలు వాడుతున్నవాళ్లయితే అది కూడా చెప్పండి. వాటిలో కొన్ని రకాలు వాడేవాళ్లకి పన్ను తీస్తే దవడ ఎముక మానకుండా ఇబ్బంది పెట్టొచ్చు.

రెండోచూపు
గురువారం, సాయంత్రం 5:00

మా అమ్మకి మతిమరుపు జబ్బు ముదిరింది, ఇప్పుడు గుండె సమస్యతో ఆస్పత్రిలో ఉంది. బ్రష్ చూపిస్తే చాలు పెదవులు బిగించేస్తుంది. నిన్న అటెండర్ ముక్కు మూసి నోరు తెరిపించబోతే అరిచి, కరిచింది. నేను బయటికెళ్లి ఏడ్చాను. ఇలాంటివాళ్లకి ఏం చేయాలి?

గడపదీపం
గురువారం, సాయంత్రం 7:35

అమ్మా, ముందు ఆ ముక్కు మూయడం ఆపించు. ఎంత మంచి ఉద్దేశంతో చేసినా అది హింస, ప్రమాదం కూడా. ఒకసారి అలా జరిగితే వాళ్లకి సంఘటన గుర్తుండదు కానీ భయం మిగిలిపోతుంది. తర్వాత బ్రష్ చూస్తే భయం, ఆ మనిషిని చూసినా భయం.

మా ఆయనకి ఆరేళ్లు చేశాను. మొదటి ఏడాది నాకూ ఇదే గొడవ. తర్వాత నాకు అర్థమైందేంటంటే, వెనక నుంచో పక్క నుంచో ఒక చెయ్యి వచ్చి నోట్లో ఏదో పెడితే మనమైనా కరుస్తాం. ఎదురుగా కూర్చో, ఆవిడ కళ్ల ఎత్తులో. నవ్వుతూ పలకరించు. బ్రష్ ఆవిడ చేతికే ఇవ్వు. నీ బ్రష్ నువ్వు తీసుకుని నువ్వు తోముకోవడం మొదలుపెట్టు. మాట మర్చిపోయినా చేతికి ఆ పని గుర్తుంటుంది, మా ఆయన నన్ను చూసి అలాగే మొదలుపెట్టేవారు. మధ్యలో ఆగిపోతే ఆ చేతి మీద నీ చెయ్యి వేసి కదిలించు. రెండో చేతిలో పట్టుకోవడానికి ఒక టవల్ ముక్కో, ఇంకో బ్రష్షో ఇవ్వు.

వద్దంటే వదిలెయ్, పది నిమిషాలాగి మళ్లీ రా. అప్పుడూ కాకపోతే ఇంకెవరినైనా పంపు, ఒక్కోసారి మనిషి మారితే ఒప్పుకుంటారు. ఆవిడ ఏ పూట ప్రశాంతంగా ఉంటుందో చూసుకుని ఆ పూటే చెయ్యి. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు ముద్దు మాటలు వద్దు, వాళ్లకి అవమానం తెలుస్తుంది. అసలు ఇవాళ్టి దాకా ఒప్పుకునే మనిషి హఠాత్తుగా నోరు బిగిస్తే మాత్రం పంటి నొప్పి ఉందేమో చూపించాలి. మా ఆయనకి మూడు వారాలు కోపం అనుకున్నది, చూస్తే దవడ పంటి కింద చీము.

రెండోచూపు
గురువారం, రాత్రి 8:10

అమ్మా అని పిలిచారు, చాలా ధైర్యం వచ్చింది. రేపు పొద్దున్న రెండు బ్రష్‌లు తీసుకెళ్తాను.

గొంతుకతోడు
శుక్రవారం, ఉదయం 9:15

మింగడం, మాట్లాడటం మళ్లీ నేర్పించే థెరపీ నా వృత్తి. వానకోయిల గారు మొదట్లో రాసిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఏదో చెప్పాలని ప్రయత్నిస్తున్నారు, అర్థం కావట్లేదు" అన్నారు. పక్షవాతం వల్ల మాట పోవడం ఉంటుంది, కాదనను. కానీ నాలుక అంగిలికి అతుక్కుపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే మాట రాదు. నేను మింగే పరీక్షకి వెళ్లినప్పుడు ముందు నోరు శుభ్రం చేయించాకే మొదలుపెడతాను. ఎండిన నోటితో చేస్తే మనిషికి ఉన్న శక్తి కంటే తక్కువ కనిపిస్తుంది, అనవసరంగా ట్యూబ్ ఇంకో వారం ఉండిపోతుంది. అది కాక, మెత్తటి తడి బ్రష్ నాలుక మీద కదలడమే మెదడుకి ఒక కబురు. చాలామంది ఆ సమయంలో తమంతట తామే ఒక గుటక మింగుతారు. మా దృష్టిలో అది పెద్ద విషయం.

మీ ఆస్పత్రిలో థెరపిస్ట్ ఉంటే పరీక్ష టైము కనుక్కుని, దానికి అరగంట ముందు నోరు శుభ్రం చేయండి.

నీలిసంధ్య
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

ఇక్కడ అందరూ కోలుకునేవాళ్ల గురించి రాస్తున్నారు. మా తాతయ్య కోలుకోలేదు. చివరి ఐదు రోజులు ఇంక మందులేవీ వద్దన్నాం, నొప్పికి మాత్రమే ఇచ్చారు. ఆ రోజుల్లో మేము చేయగలిగింది ఏదైనా ఉంటే అది నోటి పనే. పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవ) సిస్టర్ నేర్పించింది. చిన్న మెత్తటి బ్రష్ ఆయనకి ఇష్టమైన పానీయంలో ముంచి, విదిలించి, పెదవులకీ నాలుక చివరకీ తాకించేవాళ్లం. అరగంటకోసారి వంతులు వేసుకున్నాం. నాలుగో రోజు కళ్లు తెరవలేదు కానీ బ్రష్ తగలగానే పెదవులు చప్పరించారు. సెలైన్ పెట్టమని మావయ్య గొడవపడ్డాడు, దాహంగా ఉంటుందేమోనని. డాక్టర్ చెప్పిందేమిటంటే, ఆ దశలో దాహం అనిపించేది ఎక్కువగా నోరు ఎండటం వల్లేనని, నోరు తడిగా ఉంచితే ఆ బాధ చాలావరకు తీరుతుందని. మావయ్యే ఆ రాత్రంతా కూర్చుని తడి చేశాడు.

నిమ్ము రాకుండా ఆపడం మా లక్ష్యం కాదప్పుడు. అయినా ఆపలేదు.

పాతగడియారం
శుక్రవారం, రాత్రి 10:20

మొదటి రోజు వదిలేయమని రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మకి అలా జరిగాక మళ్లీ ఎవరినీ ఆమె నోరు ముట్టనివ్వలేదు నేను, ఇంటికి తెచ్చుకున్నాక కూడా. అది ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. ఈ చర్చ ఎవరైనా మొదటి నుంచి చదువుతుంటే నా పోస్ట్ దగ్గర ఆగకుండా కిందికి రండి.

రాత్రిడ్యూటీ
శనివారం, ఉదయం 7:50

పాతగడియారం గారూ, మీకు ఎవరూ పద్ధతి చూపించలేదు. చూపించాల్సింది మాలాంటివాళ్లం.

సిబ్బందిలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. 2005 నుంచి వాడుకలో ఉన్న నోటి పరీక్ష పట్టిక ఒకటి ఉంది. పెదవులు, నాలుక, చిగుళ్లు, లాలాజలం, పళ్లు, కట్టుడు పళ్లు, శుభ్రత, నొప్పి, ఈ ఎనిమిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కు వేయాలి. టార్చి వేసి చూస్తే పెద్దగా టైము పట్టదు. మా యూనిట్‌లో దాన్ని చార్టులో కలిపాక నోరు కూడా బీపీలాగే కనబడటం మొదలైంది. రాసే చోటు లేని పని మా వృత్తిలో జరగదు, ఇది పద్నాలుగేళ్లలో నేను నేర్చుకున్నది.

వానకోయిల
సోమవారం, రాత్రి 10:05

ఆరు రోజులైంది. అంగిలి మీద అట్ట నిన్న పొద్దున్న చివరి ముక్క వచ్చేసింది. కింద చర్మం గులాబీ రంగులో ఉంది. రౌండ్స్‌లో డాక్టర్‌ని నోరు చూడమన్నాను. చూసి, ఫంగస్ కొంచెం ఉందని మందు రాశారు. బ్రష్ ఇప్పుడు నాన్న ఎడమ చేతికే ఇస్తున్నాను. పిడికి బట్ట చుట్టి లావు చేశాను, పట్టుకోగలుగుతున్నారు. ముందు పళ్లు ఆయన తోముకుంటారు, మిగతావి నేను. మంచానికి ఒక కాగితం కట్టాను, నోరు శుభ్రం చేసిన టైము దాంట్లో రాస్తున్నాను. నిన్న రాత్రి షిఫ్ట్ సిస్టర్ నేను అడగకుండానే తెల్లవారుజామున మూడు గంటలకి తడి చేసి అందులో సంతకం పెట్టి వెళ్లారు.

మాట ఇంకా ముద్దగానే ఉంది. కానీ ఈరోజు సాయంత్రం బ్రష్ చేశాక నాన్న ఒక పదం అన్నారు, నాకు అర్థమైంది. "చాలు" అన్నారు.

ఒక సందేహం. నాన్నకి రక్తం పలచబరిచే మాత్ర కూడా ఇస్తున్నారు, ఈరోజు చిగురు దగ్గర బ్రష్‌కి కొంచెం రక్తం అంటింది. రేపు ఆపమంటారా?

చిగురాకు
సోమవారం, రాత్రి 10:30

ఆపకండి. చాలా రోజులు తోమకపోతే చిగురు వాచి ఉంటుంది, వాచిన చిగురు ముట్టుకుంటే రక్తం వస్తుంది. పాచి పోతేనే వాపు తగ్గేది. చేయి ఇంకా తేలిక చేయండి, అదే మెత్తటి బ్రష్. వారం పది రోజుల్లో తగ్గాలి. ఒత్తి పట్టినా పది నిమిషాల్లో ఆగకపోయినా, తోమకుండానే రక్తం వస్తున్నా, ఒంటి మీద ఇంకెక్కడైనా నల్లగా కమిలినట్టు కనిపించినా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ముందు రాశాను కదా, ఆ పలచబరిచే మాత్ర వార్ఫరినేమో, ఫంగస్ మందు దానితో కలవొచ్చో లేదో ఇప్పుడే సిస్టర్‌ని అడిగి కనుక్కోండి, రేపు పొద్దున్న రౌండ్స్‌లో ఎలాగూ ఒక మాట చెప్పి ఉంచండి. ఫంగస్ మందు అయిపోయాక బ్రష్ మార్చడం మర్చిపోవద్దు.